తీగ కిందికి దిగిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున టకటక బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేచి పెరడంతా నీళ్ళతో తడపాలి. తొమ్మిదింటికి వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని కొండ అవతలున్న కూతురితో మాట్లాడాలి. అంతే. ఇందులో వీధి వీధంతా బిందెలు పట్టుకుని పెరట్లోకి వచ్చేంత సంగతి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు పాపం.

బాబాయి అంటే ఆ వీధి మొత్తానికీ బాబాయే. ఓడరేవులో ముప్పై ఏళ్ళు వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. భోజనం చేస్తున్నా, పేపరు చదువుతున్నా కుడిచేతి చూపుడువేలు ఏదో ఒకదానిమీద టకటకలాడుతూనే ఉండేది. ఆ పేరు అలా వచ్చింది. ఇంటికొచ్చాక కూడా ఆ పని మానలేక ముందుగదిలో సగం సొంత సెట్టుకు ఇచ్చేశాడు. ప్రభుత్వం వారిచ్చిన లైసెన్సు కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. పెళ్ళిఫోటో మాత్రం తలుపు తీస్తే తలుపు వెనక్కి పోయే చోట ఉండేది.

సెట్టులోంచి బయల్దేరిన తీగ కిటికీ దాటి పెరట్లోకి వెళ్ళి, అరవై అడుగుల ఎత్తున అడ్డంగా కట్టిన ఏరియల్ తీగను కలిసేది. ఆ ఏరియల్‌కి ఒక కొస మేడమీద నిలబెట్టిన ఇనుప గొట్టానికి, రెండో కొస పెరటి చివర మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీ పొగగొట్టానికి. రెండుచోట్లా కప్పీలు. కప్పీల మీదుగా దిగిన తాళ్ళు కింద నేలలో పాతిన చెక్క గూటాలకు కట్టి ఉండేవి. అంత ఎత్తు ఏరియల్ ఆ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు. బాబాయికి అదొక మీసం లాంటిది.

దాని పనితనానికి వంక పెట్టడానికి లేదు. సముద్రం అవతల ఒక పళ్ళ డాక్టరుతో, ఎక్కడో మంచుదేశంలో గడియారాలు బాగుచేసే ముసలాయనతో బాబాయి వారం వారం వానల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడేవాడు. ఎటొచ్చీ అరవై కిలోమీటర్ల దూరంలో, కొండ అవతల ఆనకట్ట దగ్గరున్న కూతురి గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినపడలేదు. అల్లుడు ఆనకట్టలో నీటిమట్టం కొలిచే ఉద్యోగి. అతనికీ ఈ పిచ్చి అంటించి, లైసెన్సు పరీక్ష రాయించి, పెళ్ళికి కానుకగా ఒక సెట్టు ఇచ్చాడు బాబాయి. ఆ కొండల్లో అప్పటికి టెలిఫోను లేదు. బస్సు వారానికొకటి, అది కూడా వానలు లేకపోతే. అందుకని ప్రతి ఆదివారం తొమ్మిదింటికి అక్కడ వాళ్ళు, ఇక్కడ వీళ్ళు సెట్ల ముందు కూర్చోవాలని ఒప్పందం. ఆరు ఆదివారాలు కూర్చున్నారు. ఆరుసార్లూ గరగర తప్ప ఏమీ రాలేదు.

"సముద్రాల అవతలి వాళ్ళ మోకాళ్ళ నొప్పులు తెలుస్తాయి మీకు. కొండ అవతల కన్నపిల్ల ఎలా ఉందో తెలీదు," అనేది పిన్ని.

"దూరం వేరు, దగ్గర వేరు. నీకు అర్థం కాదులే," అనేవాడు బాబాయి. ఆయనకీ అర్థమయ్యేది కాదు.

పిన్ని బాధ వేరే. ఆ పిల్ల కాపురానికి వెళ్ళే రోజున సామాను సర్దుతూ ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. "పొయ్యి ముందు నిలబడటం రాదు, ఆ కొండల్లో ఏం తిని బతుకుతావే?" అంది తల్లి. "నీ పక్కన నిలబడితే ఎప్పటికీ రాదు. నన్ను గరిట ముట్టుకోనిస్తేగా," అంది కూతురు. పిన్ని గేటు దాకా వెళ్ళలేదు. బస్సు వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఉత్తరాలన్నీ తండ్రి పేరు మీదే వచ్చేవి. అమ్మను అడిగానని చెప్పమని చివర ఒక ముక్క. బాబాయి స్నానానికి వెళ్ళినప్పుడు పిన్ని ఆ ఉత్తరాలు తీసి చదివేది. ఆ చివరి ముక్కే నాలుగుసార్లు చదివి మళ్ళీ మడతల ప్రకారం మడిచి పెట్టేది.

మొన్న వచ్చిన ఉత్తరంలో అసలు సంగతి ఉంది. అల్లుణ్ణి గురువారం ఇంకా పైనున్న ఆనకట్టకు మారుస్తున్నారు. అక్కడ సొంత సెట్టు పెట్టుకోనివ్వరు. రెండేళ్ళు. కాబట్టి ఈ ఆదివారమే ఆఖరు, అని రాసింది. ఈసారి చివర ముక్క కొంచెం మారింది. అమ్మను కూడా దగ్గర కూర్చోమను, అని ఉంది.

ఆ మాట చూసిన దగ్గర్నుంచి బాబాయికి నిద్రలేదు. పాత పుస్తకాలన్నీ దింపాడు. ఒకదాంట్లో దొరికింది. ఏరియల్ నుంచి వెళ్ళేదంతా నేరుగా వెళ్ళదు, సగం కిందికి దిగి నేలను తాకి, అద్దంలోంచి వెలుగు తిరిగొచ్చినట్టు మళ్ళీ పైకి లేస్తుంది. నేల తడిగా ఉంటే అద్దం మంచిది. ఎండిపోయిన నేల అయితే సగం తానే మింగేస్తుంది. బాబాయి పుస్తకం మూసి పెరట్లోకి చూశాడు. నాలుగు నెలలుగా చినుకు లేక నేల బిస్కెట్టులా పగిలి ఉంది.

"దొరికిందే దొంగ," అన్నాడు పిన్నితో. "మన నేల మింగేస్తోంది."

"ఎవర్ని?"

"మన మాటల్ని."

ఈ ఇంట్లో మాటలు మింగేది నేలొక్కటేనా అనుకుంది పిన్ని.

ఆదివారం ఆరింటికి బాబాయి రబ్బరు పైపు పట్టుకుని మొదలుపెట్టాడు. పిన్ని అప్పటికే స్నానం చేసి, పేరంటాలకు కట్టుకునే నీలం పట్టుచీర కట్టుకుని కూర్చుంది. సెట్టులో చీర కనపడదని ఆమెకు తెలుసు. తెలిసే కట్టుకుంది. ఏడున్నరకు ట్యాంకు ఖాళీ అయింది. బాబాయి మోటారు వేశాడు. ట్యాంకు నిండుతూ ఉంటే పెరట్లోకి పోస్తూనే ఉన్నాడు. అంత లాగుడు లాగితే వీధిలో మిగతా కొళాయిలు దారంలా సన్నబడవూ? బడ్డాయి.

గోడ అవతల బేకరీ ఆయన పిండి కలుపుతూ కొళాయి సన్నబడటం చూశాడు. గోడమీంచి తొంగి చూస్తే బాబాయి పెరడు చెరువులా మెరుస్తోంది. గట్టుమీద బాబాయి గారి అక్క కూర్చుని ఉంది. ఆవిడ తమ్ముడి దగ్గరే ఉండేది. చాలా మంచి మనిషి గానీ వంకర అంటే పడదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల మీది ఫోటోలు సరిచేసి, చాప కొసలు గోడకు సమానంగా లాగి, తర్వాతే కూర్చునేది.

"ఏంటమ్మా ఇన్ని నీళ్ళు?" అన్నాడు బేకరీ ఆయన.

"మా తమ్ముడు నేలను అద్దం చేస్తున్నాడు నాయనా."

"అద్దమా?"

"అవును. పిల్లతో మాట్లాడాలిగా."

బేకరీ ఆయన ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, మెల్లిగా తలూపి గోడ దిగాడు. పైపు పగిలింది, పెద్దవాళ్ళకు తెలియడం లేదు అనుకున్నాడు. పెద్దావిడ మతి గురించి అనుకున్నది మాత్రం పైకి అనలేదు. మనిషి దయగలవాడు. రొట్టెల పొయ్యి వదిలేసి సైకిలెక్కి నీళ్ళ ఆఫీసుకు వెళ్ళాడు.

ఎనిమిదీ పదికి నీళ్ళ మేస్త్రీ ఇద్దరు పనివాళ్ళతో, గునపాలతో దిగాడు. వస్తూనే వీధి మొదట్లో వాల్వు కట్టేశాడు. దాంతో సన్నగా వచ్చే కొళాయిలు కూడా ఆగాయి.

"లీకు ఎక్కడండీ?" అన్నాడు.

"లీకు లేదు. నేనే పోశాను," అన్నాడు బాబాయి.

"ఎందుకండీ?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. బాబాయి ముప్పై ఏళ్ళు కుర్ర ఆపరేటర్లకు పాఠం చెప్పిన మనిషి. చేతులు చాచి, కిందికి వంచి, పైకి లేపి ఆరు నిమిషాలు వివరించాడు. మేస్త్రీ ఓపిగ్గా విన్నాడు.

"పైపు పగలగొట్టుకున్నవాళ్ళు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారండి. మొన్న ఒకాయన గచ్చుకు చెమట పట్టిందన్నాడు. మీది మాత్రం కొత్తగా ఉంది," అని పనివాళ్ళ వైపు తిరిగి, "అదిగో, ఆ మూల ఎక్కువ ఊరుతోంది. తవ్వండి," అన్నాడు.

ఆ మూల పల్లం, అందుకని నీళ్ళన్నీ అక్కడ చేరాయి. ఆ మూలే పొగగొట్టం తాడు కట్టిన గూటం కూడా ఉంది.

"అక్కడ తవ్వకండయ్యా," అని బాబాయి అడ్డం వెళ్ళబోయాడు. ఆయన మూడడుగులు వేస్తే రెండు చెప్పులు బురదలో ఉండిపోయాయి. ఇంతలో వీధి జనం గేటు తీసుకుని లోపలికొచ్చారు. ముందు దర్జీ భార్య, చేతిలో ఖాళీ బిందె. "మా ఇంట్లో తాగడానికి చుక్క లేదు, ఇక్కడ ఈత కొట్టచ్చు," అంది. వెనకాల దర్జీ, నోటినిండా పళ్ళపొడి నురగతో. పుక్కిలించడానికి నీళ్ళు లేక ఆయన తన కోపం చేతులతోనే చెప్పాడు.

"అందరూ ఒక్క గంట ఓపిక పట్టండి. తొమ్మిదింటికి పిల్ల మాట్లాడుతుంది," అన్నాడు బాబాయి.

"పిల్ల మాట్లాడితే మాకు నీళ్ళొస్తాయా బాబాయ్?" అంది దర్జీ భార్య.

అప్పుడే గూటం పక్కన మూడో గునపం పోటు పడింది. రెండు గంటల నుంచి నానిన నేల. గూటం చుట్టానికి చోటిచ్చినట్టు నింపాదిగా పక్కకు ఒరిగి, నేలలోంచి ఊడి, తాడుతో సహా పైకి లేచిపోయింది. కప్పీ గిర్రున తిరిగింది. పొగగొట్టం వైపు తీగ అరవై అడుగుల నుంచి జారి వచ్చి బురదలో పడింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు.

ఇప్పుడు తీగ ఒక కొస మేడమీది ఆకాశంలో, రెండో కొస బురదలో, ఏటవాలుగా వేలాడుతోంది. బాబాయి తల పట్టుకున్నాడు. "ఆ వైపన్నా ఉంది. దీన్ని నిచ్చెన వేసి ఎలాగో..." అని లెక్క వేసుకుంటున్నాడు. ఆయన అక్క గట్టు దిగి తీగ వైపు ఒకసారి చూసింది. తల పక్కకు వంచి చూసింది. ఆ ఏటవాలు ఆవిడ భరించలేకపోయింది. తిన్నగా మేడ పక్కన గూటం దగ్గరికి వెళ్ళి రెండో తాడు కూడా విప్పేసింది.

"ఏం చేశావక్కా," అన్నాడు బాబాయి.

"ఇప్పుడు సమంగా ఉందిరా," అందావిడ తృప్తిగా.

బాబాయి బురదలోనే కూలబడ్డాడు. అయిదేళ్ళు పట్టింది ఆ తీగను అంత ఎత్తున నిలబెట్టడానికి. గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది.

పిన్ని అంతవరకు కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇప్పుడు లేచింది. నీలం పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బురదలోకి దిగింది. బట్టలారేసే దండెం దగ్గర ఊతకర్రలు నాలుగు ఉన్నాయి, పైన చీలిక ఉండి తాడు పట్టేవి. వాటిని పీకి తెచ్చింది.

"వదినా, నువ్వు ఆ కొస పట్టుకో. సమంగా పట్టుకో."

"అది నాకు చెప్పాలా అమ్మాయ్," అంది ఆడపడుచు.

దర్జీ ఒక కర్ర పట్టుకున్నాడు. బేకరీ ఆయన, తానే ఇంత పని చేశానన్న బెంగతో, రెండు కర్రలు పట్టుకున్నాడు. నీళ్ళ మేస్త్రీ ఆ తవ్విన గుంట ఊరికే పోకుండా ఒక కర్ర అందులోనే పాతించాడు. పది నిమిషాల్లో తీగ పెరడంతా అడ్డంగా, తలకు తగలనంత ఎత్తులో, తాడు ముక్కలతో కట్టి నిలబడింది. బాబాయి దాని వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"అది ఏరియల్ కాదు, దండెం. ఏడడుగులు కూడా లేదు. దీంతో గోడ అవతలికి కూడా వినపడదు."

"దండెమైతే దండెమే. లేవండి. తొమ్మిదవుతోంది."

"ఎందుకే? పరువు తక్కువ."

"ఆరువారాలు పరువుగా కూర్చున్నాం. ఏమొచ్చింది?" అంది పిన్ని. "అది అక్కడ కూర్చుని ఉంటుంది. మనం కూర్చోకపోతే ఈసారి కూడా నేను రాలేదనుకుంటుంది."

ఆ మాటకు బాబాయి లేచాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా సెట్టు ముందు కూర్చున్నాడు. తీగ దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దని అందరికీ చెప్పి, గుండ్రటి మీటలు అటూ ఇటూ తిప్పి సరిచేసి, తొమ్మిది కొట్టగానే నమ్మకం లేని గొంతుతో పిలిచాడు. కిటికీ బయట బిందెలు పట్టుకుని వీధంతా నిలబడి ఉంది. గరగర వచ్చింది. మళ్ళీ పిలిచాడు.

"నాన్నా," అంది సెట్టు.

పక్కగదిలో నుంచి పిలిచినట్టుంది. గరగర లేదు, వణుకు లేదు. "నాన్నా, ఇవాళ ఏం చేశావు? సెట్టు బద్దలయ్యేలా వినిపిస్తున్నావు. ఓవర్."

బాబాయి మెల్లిగా కిటికీలోంచి ఆ దండెం వైపు చూశాడు. ఆయన ముఖంలో వెలుగు రావడం, వెంటనే సిగ్గు రావడం వీధంతా చూసింది.

"ఏమైందండీ?" అంది పిన్ని.

"నీళ్ళ పైపును ఏటవాలుగా పట్టుకుంటే నీళ్ళు ఎక్కడ పడతాయి?"

"దూరంగా."

"నిటారుగా పట్టుకుంటే?"

"మన నెత్తినే."

"అదే. తీగ అంత ఎత్తున ఉంటే, నేల తిప్పి కొట్టింది తీగలోంచి వెళ్ళేదానితో కలిసి ఏటవాలుగా దూరం పోతుంది. నిటారుగా పైకి పోయేవి మాత్రం ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. కిందికి దించితే నేల మొత్తాన్నీ నిట్టనిలువుగా పైకి తోస్తుంది. ఆకాశంలో తగిలి మన చుట్టుపక్కలే వానలా పడుతుంది. కొండ వెనక కూడా." బురద చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఆరువారాలుగా మన మాటలు పిల్ల నెత్తిమీంచి వెళ్ళిపోయాయే. ఇది నేనే పాఠం చెప్పేవాణ్ణి."

"తర్వాత చెబుదురుగాని. లేవండి," అని పిన్ని ఆయన్ను కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది.

మీట నొక్కితే మాట్లాడాలి, ఓవర్ అని వదిలేస్తే వినాలి, నొక్కినంతసేపూ అవతలివాళ్ళు ఏమన్నా వినపడదు అని బాబాయి చెప్పాడు. పిన్ని మీట నొక్కింది. ఆరు వారాలు అద్దంలో చూసుకుని అనుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

"తిన్నావా?" అంది. తర్వాత గుర్తొచ్చి, "ఓవర్."

"తిన్నాను. నేనే వండాను. ఓవర్."

తల్లీకూతుళ్ళు పుట్టిబుద్ధెరిగాక ఒకరు మాట్లాడుతుంటే ఒకరు ఊరుకోవడం అదే మొదటిసారి. వేరే దారి లేదు మరి.

"గేటు దాకా ఎందుకు రాలేదమ్మా? బస్సెక్కేదాకా చూశాను. ఓవర్."

కిటికీ బయట దర్జీ భార్య బిందె కింద పెట్టింది.

"కిటికీ దగ్గరే ఉన్నాను. నువ్వు వెనక్కి తిరిగి చూడటం కూడా చూశాను. ఓవర్."

"కిటికీకి కర్టెన్ వేసి ఉంది. నేను చూశాను. ఓవర్."

"కర్టెన్ వెనక ఉన్నాను. ఓవర్."

అవతల ఎవరో మీట నొక్కి ఏమీ అనకుండా వదిలేసిన చప్పుడు వచ్చింది. రెండోసారి నొక్కినప్పుడు గొంతు కొంచెం తడిగా ఉంది. "కూర మాడుతోందమ్మా ప్రతిసారీ. ఎందుకో తెలీదు. ఓవర్."

"మంట ఎంత పెడతావు? మూత పెడతావా? మూత పెట్టేముందు కలిపావా? నాకు తెలుసు, కలిపి ఉండవు. చిన్నప్పట్నుంచీ అంతే నీకు, ఏ పనైనా సగం చేసి పుస్తకం పట్టుకుంటావు. ఓవర్."

"మంట తగ్గించే పెడతాను. నువ్వు చూశావా నేను పుస్తకం పట్టుకోవడం? ఇక్కడికొచ్చి చూశావా? ఓవర్."

"వస్తాను. బస్సు ఏ రోజు? ఓవర్."

"నువ్వు వస్తే గరిట నా చేతిలోనే ఉంటుంది. ముందే చెబుతున్నాను. ఓవర్."

"అది నేను వచ్చాక చూద్దాం. ఓవర్."

నలభై నిమిషాలు నడిచింది అలా. అందులో పది నిమిషాలు ఏడ్చారు. మిగతాదంతా పోట్లాడుకున్నారు. మేస్త్రీ ఎప్పుడో వెళ్ళి వాల్వు తిప్పి వచ్చాడు గానీ, కొళాయిలు దూకుతున్నా బిందెలు పట్టుకున్నవాళ్ళెవరూ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. కూర మాడకుండా ఉండాలంటే ఏం చేయాలో దర్జీ భార్య కూడా రెండు ముక్కలు చెప్పబోతే, మీట నొక్కి ఉందో లేదో తెలియక అందరూ ఆవిడ నోరు మూశారు.

మాటలయ్యాక బాబాయి బురద చేతులతోనే లాగ్‌బుక్కు తీశాడు. ఎవరితో మాట్లాడారో, ఎలా వినపడిందో రాసుకోవాలని నియమం. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, సముద్రాల అవతలి వాళ్ళందరి పేర్ల కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు: అమ్మా అమ్మాయీ మాట్లాడుకున్నారు, సిగ్నల్ చాలా బలంగా ఉంది, రెండు వైపులా.